ఎదుగుదలకు వదిలిన గుడ్డ

నీళ్ళలోంచి ముందుగా బయటికొచ్చింది ముయిరిన్ ఒక్కతే. మిగతా అమ్మాయిలు ఇంకా అలల అవతలే ఉన్నారు. సర్ఫింగ్ బోర్డుల మీద కాళ్ళు వేలాడేసుకు కూర్చుని, వచ్చే కెరటం కోసం మెడలు చాచి చూస్తున్నారు. ముయిరిన్ మాత్రం, చలి ఆపే రబ్బరు సూట్ మీద రంగు చొక్కాతో, బోర్డును చంకలో ఇరికించుకుని, రేవు వాలు మీద నాచుకు జారకుండా అడుగులో అడుగేసుకుంటూ పైకొచ్చింది. మార్చి ఎండ దివ్యంగా కాస్తోంది. రేవు గోడ మీద కూర్చున్న ఆడవాళ్ళలో ఒకరిద్దరు కోట్లు కూడా విప్పేశారు. ఒడ్డున ఎండ చూసి సముద్రం కూడా వేడెక్కిందనుకునేవాళ్ళు పట్నవాసులు. ఏడాది మొత్తంలో ఆ నీళ్ళు ఎముకలు కొరికేది సరిగ్గా ఈ రోజుల్లోనేనని ఐర్లండ్‌లోని ఆ స్లైగో తీరంలో పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు.

వాలు పైన లోర్కన్ నిలబడి ఉన్నాడు. జిల్లా పిల్లలకు సర్ఫింగ్ నేర్పేది అతనే, జట్టుకు ఎంపిక చేసేదీ అతనే. "చెయ్యి చూపించు" అన్నాడు.

ముయిరిన్ చేతి తొడుగును పళ్ళతో పట్టి లాగింది. బొటనవేలిని చిటికెన వేలి దాకా తీసుకురావాలి. అదీ లోర్కన్ పరీక్ష. రెండు వేళ్ళూ కలిస్తే మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళొచ్చు, కలవకపోతే ఒంట్లో వేడి అయిపోయినట్టే, ఆ రోజుకిక బట్టలు మార్చుకోవాల్సిందే. ఆ అమ్మాయి పిడికిలి ఎర్రగా కొంకర్లు పోయి ఉంది. బొటనవేలు వణుక్కుంటూ వచ్చి అరచేతి మధ్యలో ఆగిపోయింది. ముయిరిన్ రెండో చేత్తో దాన్ని ముందుకు తోయబోయింది. లోర్కన్ తల అడ్డంగా ఊపాడు.

అతను చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించే చెప్పాడు. ఇది మూడోసారి. శనివారం ఎంపిక. నీళ్ళలో ఉండాల్సినంతసేపు ఉండకుండా ఇలాగే బయటికొస్తే అలల మీద ఎంత అందంగా నిలబడ్డా తాను చెయ్యగలిగింది ఏమీ లేదన్నాడు. డోనిగాల్లో పోటీ జరిగే చోట నీళ్ళు ఇంతకన్నా చల్లగా ఉంటాయట. సగంలో కొంకర్లు పోయే పిల్లను అక్కడికి తీసుకెళితే అది తన తప్పవుతుందన్నాడు.

గోడ మీద అట్రాక్టా టీ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని ఇదంతా చూస్తోంది. అట్రాక్టా ముయిరిన్ తల్లి. ఊళ్ళో దర్జీ పని ఆమెదే. ఫాదరు గారి అంగీ దగ్గర్నుంచి పెళ్ళికూతురి గౌను దాకా ఆమె సూది కిందికి రాని గుడ్డ లేదు. చెయ్యి ఎంత చక్కనిదో నోరు అంత పదునైనది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, ఊరే ఆమెకు భయపడి మంచిగా ఉండేది.

పక్కన కూర్చున్న కన్సెప్టా, తన కూతురు డెర్వ్లా ఇంకా నీళ్ళలోనే ఉందన్న ధీమాతో, పాపం మీ పిల్ల మరీ సన్నం కదా, ఒంటికి కాస్త పట్టేలా తినిపించకూడదా అంది. పుండు మీద కారం చల్లడమంటే ఇదే. అట్రాక్టా ఫ్లాస్కు మూత గట్టిగా బిగించింది.

"తిండికేం తక్కువ లేదు. సూట్‌కీ తక్కువ లేదు. ఫిడెల్మా కొట్లో ఉన్నవాటిల్లో అన్నిటికన్నా మందమైంది ఏరి కొన్నాను" అంది, గోడ ఈ చివర్నుంచి ఆ చివరికి వినపడేలా. "లోపం సూట్‌లో లేదమ్మా. గుండెలో ఉంది. చలంటే భయం దానికి."

ముయిరిన్ అప్పటికి గోడ దగ్గరికొచ్చేసింది. విన్నదో లేదో ముఖంలో ఏమీ కనపడలేదు. తల్లి చేతిలోని టీ కప్పు మాత్రం అందుకోలేదు. అలా పక్కనుంచి నడుచుకుంటూ కారు దగ్గరికి వెళ్ళిపోయింది.

మర్నాడు, గురువారం పొద్దున, అట్రాక్టా ముందు గదిలో ఒక చిన్నపిల్ల కుర్చీ మీద నిలబడి ఉంది. మే నెలలో చర్చిలో మొదటి సత్ప్రసాదం తీసుకోబోయే పిల్లలకు తెల్లగౌన్లు కుట్టే కాలం అది. ఇల్లంతా తెల్ల శాటిన్ ముక్కలే. అట్రాక్టా గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, పిల్ల నడుము దగ్గర గుడ్డను వెనక నుంచి రెండు వేళ్ళతో పట్టి చూసింది. గుడ్డ రెండు వేళ్ళకు సరిపడా అందింది. బాగుంది. పక్క కుట్ల లోపల ఇంకో అంగుళం దాచింది. పిల్లలు మేలో ఒకలా ఉంటారు, క్రిస్మస్‌కు ఇంకోలా ఉంటారు. ఎదుగుదలకు గుడ్డ వదలని దర్జీ దర్జీ కాదని ఆమె నమ్మకం. ఆ దాచిన అంగుళం వల్లే ఒక్కో గౌను అక్క నుంచి చెల్లికి, చెల్లి నుంచి పక్కింటి పిల్లకి వెళ్ళేది. ఊరి తల్లులందరూ ఆమెను మెచ్చుకునేదీ అందుకే.

పిల్లను పంపించేసి స్నానాల గదిలోకి వెళ్ళింది. ముయిరిన్ సూట్ తొట్టి అంచు మీద వేలాడుతోంది. రాత్రి మంచినీళ్ళతో కడిగి, లోపలి వైపు బయటికి తిప్పి ఆరేసింది కూతురు. అట్రాక్టా దాన్ని సరిగ్గా తిప్పి వేద్దామని చేతిలోకి తీసుకుంది. మణికట్ల దగ్గరా చీలమండల దగ్గరా ఏదో జిగురు చేతికి తగిలింది. వెలుగులో పెట్టి చూసింది. పైపులకు చుట్టే బూడిదరంగు టేపు అంటించి పీకేసిన మరకలు. నడుము చుట్టూ కూడా ఓ పట్టీలా జిగురు ఉంది.

కొత్త సూట్‌కి టేపు! మోకాళ్ళ మీద కూర్చుని, వెన్న రాసి, గోటితో ఆ జిగురంతా గోకింది. గోకుతున్నంతసేపూ కోపం పెరుగుతూనే ఉంది. బడి నుంచి వచ్చిన ముయిరిన్ సంచీ కింద పెట్టకముందే సూట్ చెయ్యి పట్టుకుని ముఖం ముందు ఊపింది.

"ఏమిటే ఇది? పుట్టినరోజుకని కొనిస్తే తగరం డబ్బాకి మాటేసినట్టు టేపులేస్తావా?"

"నీళ్ళు పోతున్నాయమ్మా లోపలికి."

"పోవూ మరి? నీళ్ళలోకి దిగితే నీళ్ళు పోక నిప్పులు పోతాయా? డెర్వ్లాకి పోవట్లేదా? దాని సూట్ నీదాంట్లో సగం మందం కూడా లేదు. అది మాత్రం చీకటి పడేదాకా ఉంటుంది."

ముయిరిన్ ఏదో అనబోయి మానేసింది. ఆ అనబోయి మానెయ్యడమే అట్రాక్టాకు ఒళ్ళు మండించింది. చలికి భయపడితే భయపడ్డానని ఒప్పుకోవాలి గానీ సూట్ మీద నెట్టడమేమిటని దులిపేసింది. ముయిరిన్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెనుదిరిగి మెట్లెక్కుతుంటే అట్రాక్టా కింద నుంచి అరిచింది: "నాకు యాభై దాటాయి. కావాలంటే నేనే దిగి చూపిస్తాను, ఆ సూట్‌లో ఎంతసేపు ఉండొచ్చో!"

పై నుంచి తలుపు మూసిన చప్పుడు వినపడింది. రాత్రి భోజనానికి కూడా పిల్ల కిందికి రాలేదు. బంగాళాదుంపలు రెండు పళ్ళేల్లోనూ చల్లారిపోయాయి.

మాట జారాక వెనక్కి తీసుకునే అలవాటు అట్రాక్టాకు లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. శుక్రవారం పిల్ల బడిలో ఉండగానే, చేతిలోని గౌను ముగించి, మధ్యాహ్నం కాబోతుండగా కుట్టు మిషను మీద దుప్పటి కప్పి, సూటూ, రబ్బరు బూట్లూ, చేతి తొడుగులూ, తలకు వేసుకునే తొడుగూ సంచీలో కుక్కుకుంది. ఆగస్టులో మేరీ మాత పండక్కి మోకాళ్ళ దాకా దిగి కాళ్ళు తడుపుకోవడం తప్ప సముద్రంలోకి వెళ్ళే మనిషి కాదామె. రేవు పక్కన పసిపిల్లలు ఆడుకునే చిన్న మూల ఒకటుంది. బండల చాటున అక్కడ అలల ఉధృతి తక్కువ. అక్కడికి వెళ్ళింది.

సూట్ ఒంటికెక్కించడానికి తల ప్రాణం తోకకొచ్చింది. పాదాలు ఇరుక్కున్నాయి. పిండి రుబ్బినట్టు అరచేతులతో తొడల మీదుగా పైపైకి తోస్తూ, బండకు ఆనుకుని ఆయాసపడుతూ, భుజాల మీదికి లాక్కుంది. వీపు వెనక జిప్పుకు పొడుగాటి తాడుంది. దాన్ని లాగితే జిప్పు మెడ దాకా వచ్చింది. మెడ చుట్టూ రబ్బరు పట్టీ బిగిసింది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని అటూ ఇటూ చూసి, నీళ్ళలోకి నడిచింది.

మోకాళ్ళు, తొడలు, నడుము. మొదట ముఖం మీద అల చిమ్మినప్పుడు మాత్రం గుండె ఝల్లుమంది. తర్వాత మెడ దాకా కూర్చుని, అల వచ్చినప్పుడల్లా తల ముంచి లేచింది. ఎంతసేపుండాలో గడియారం పెట్టుకుని లెక్కచూసే రకం కాదు. జపమాల ప్రార్థన మొదలుపెట్టింది, ఒక్కోటి పావుగంట పైమాటే. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఒకటి పూర్తిచేసింది. పిల్ల ఒక జపమాల కూడా పూర్తికాకముందే బయటికొస్తోంది మరి. పట్టుదలగా రెండోది మొదలుపెట్టింది.

చలి వెయ్యలేదు. ముఖానికి తప్ప ఎక్కడా వెయ్యలేదు. మొదట్లో వీపు మీద సన్నగా ఒక చల్లటి తడి జారింది గానీ, కాసేపటికి అదీ ఒంటి వేడికి వెచ్చబడి, దుప్పట్లో దూరినట్టుంది. రెండో జపమాల ముగించేసరికి అట్రాక్టాకు లోలోపల నవ్వొచ్చింది. చెయ్యి పైకెత్తి బొటనవేలూ చిటికెన వేలూ కలిపి చూసుకుంది. ఇట్టే కలిశాయి.

బయటికొచ్చేసరికి బడి బస్సు రేవు మలుపు దగ్గర ఆగి ఉంది. శుక్రవారాలు బడి మధ్యాహ్నానికే వదిలేస్తారని మరిచిపోయింది. ముయిరిన్ ఒక్కతే బస్సు దిగి, రేవు గోడ పక్కనుంచి వస్తూ, వాలు మీద నీళ్ళోడుకుంటూ ఎక్కుతున్న తల్లిని చూసి ఆగిపోయింది.

"చూశావా?" అంది అట్రాక్టా దగ్గరికొస్తూనే. గొంతులో గెలుపు దాచుకోవాలని కూడా అనిపించలేదు. "రెండు జపమాలలు పూర్తిగా చెప్పాను, నింపాదిగా. నన్ను చూడు, వణుకుతున్నానా?" చెయ్యి ఎత్తి వేళ్ళు కలిపి చూపించింది. "ఇదే సూట్ కదే. నీ సూటే కదా."

ముయిరిన్ ఇంకాస్త దగ్గరికొచ్చింది. తల్లిని తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసింది. బడి సంచీ కింద పెట్టింది. తల్లి వెనక్కి వెళ్ళి, నడుము పైన, వెన్ను లోతుగా ఉండే చోట, రబ్బరును రెండు వేళ్ళతో పట్టుకోబోయింది. వేళ్ళు జారిపోయాయి. ఇంకోసారి ప్రయత్నించింది. పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు. చర్మంలా అతుక్కుని ఉంది.

"నీకు కొలత తీసి కుట్టినట్టుందమ్మా" అంది నెమ్మదిగా.

అట్రాక్టా చెయ్యి తనంతట తానే వెనక్కి వెళ్ళింది. రోజూ ఊరి పిల్లల నడుముల దగ్గర గుడ్డ పట్టి చూసే వేళ్ళవి. నడుము, చంక కింద, భుజం, మెడ. ఎక్కడా వేళ్ళకు ఏమీ అందలేదు. పుట్టినరోజు నాడు వంటగదిలో ఇదే సూట్ వేసుకుని నిలబడ్డ ముయిరిన్ వెన్ను దగ్గర పిడికెడు రబ్బరు చేతికొచ్చింది. అప్పుడు తాను సంతోషించింది. రెండు చలికాలాలు వస్తుంది, ఎదిగే పిల్ల అనుకుంది. కొట్లో ఏరుతున్నప్పుడు కూడా, తల్లీకూతుళ్ళు ఒకే ఎత్తు కదా అని, తన భుజాలకే పెట్టి చూసుకుంది.

తాను వెచ్చగా ఉంది. తన కూతురు వెచ్చగా ఉండాల్సిన సూట్‌లో తాను వెచ్చగా ఉంది. అట్రాక్టాకు తల కొట్టేసినట్టయింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పాను. పుట్టినరోజు నాడే చెప్పాను, లూజుగా ఉందని. ఎదుగుతావులే అన్నావు." ముయిరిన్ సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటోంది. "ప్రతి అలకీ మెడలోంచి బక్కెట్టు నీళ్ళు పోసినట్టుంటుంది. లోపలున్నవి వెచ్చబడేలోగా కొత్తవి వచ్చేస్తాయి. అందుకే టేపు వేశాను."

"పోనీ లోర్కన్‌కి చెప్పచ్చు కదా? అతను కూడా చూడలేదేమిటి?"

"పైన రంగు చొక్కా వేస్తారుగా, ఎలా కనపడుతుంది." తల్లి వైపు చూడకుండా అంది. "అయినా ఏమని చెప్పను? ఊరందరికీ బట్టలు కుట్టే మా అమ్మకి నా కొలత తప్పిందనా?"

అట్రాక్టాకు గోడ ఈ చివర్నుంచి ఆ చివరికి వినపడేలా తాను అన్న మాట గుర్తొచ్చింది. తాను కూతుర్ని బజారున పెట్టింది. కూతురు మాత్రం కొంకర్లు పోతూ కూడా తల్లి పేరు కాపాడింది. సిగ్గుతో జిప్పు తాడు కోసం వెనక్కి తడుముకుంది. తాడు దొరకలేదు. ముయిరిన్ వచ్చి జిప్పు లాగి, భుజాల మీంచి రబ్బరును ఒలిచి, చేతులు ఒక్కొక్కటీ బయటికి లాగింది. అట్రాక్టా ఒంటి నుంచి ఆవిరి లేస్తోంది.

ఆ సాయంత్రమే ఇద్దరూ ఫిడెల్మా కొట్టుకి వెళ్ళారు. ఫిడెల్మా అరవై ఏళ్ళ మనిషి. ఇప్పటికీ పొద్దున్నే బోర్డు వేసుకుని నీళ్ళలోకి వెళ్ళొస్తే గానీ కొట్టు తెరవదు. విషయం విని నవ్వలేదు. నవ్వి ఉంటేనే బాగుండేదని అట్రాక్టాకు అనిపించింది. మందం రెండో సంగతి, అంటుకోవడం మొదటి సంగతి అని ఆ రోజు కూడా చెప్పానంది ఫిడెల్మా. ముప్పై ఏళ్ళుగా కుడుతున్నదానికి నువ్వు చెప్పాలా అని తానన్న మాట ఆమె గుర్తుచెయ్యలేదు. అట్రాక్టాకే గుర్తొచ్చింది.

ఫిడెల్మా వెనక గదిలో అద్దెకిచ్చేవాటి మధ్య నుంచి పాత సూట్ ఒకటి తీసింది. మోకాలి దగ్గర అతుకు, రంగు వెలిసిపోయింది. మందం కూడా ముందుదానికన్నా తక్కువే. ముయిరిన్ పాదానికి రొట్టెల ప్లాస్టిక్ సంచీ తొడిగి కాలు లోపలికి తోసింది. సంచీ మీద జారి పాదం బయటికొచ్చింది గానీ, తొడల దగ్గర ఆగిపోయింది. అట్రాక్టా నేల మీద కూర్చుని, ఒక్కో అంగుళం చిటికెలతో పట్టి, మడతలు లేకుండా పైకి లాగింది. గోళ్ళు గుచ్చుకోకుండా వేలి కొసలతో లాగమంది ఫిడెల్మా. నడుము, భుజాలు, మెడ. జిప్పు ఎక్కేసరికి ముయిరిన్ ముఖం ఎర్రబడింది. చేతులు పైకెత్తమంటే కష్టం మీద ఎత్తింది.

అట్రాక్టా వేళ్ళు కుట్టు విప్పాలని దురదపెట్టాయి. చంక కింద కాస్త వదులు చేస్తే పిల్లకు హాయిగా ఉంటుంది కదా. ఈ గుడ్డకి సూది తగిలిన ప్రతిచోటా నీళ్ళు కారతాయని ఫిడెల్మా చేతి మీద చిన్నగా కొట్టింది.

"ఊపిరాడుతుందా దానికి?" అంది అట్రాక్టా ఉండబట్టలేక.

"ఒడ్డు మీద హాయిగా ఉంటే నీళ్ళలో ఏడుపే. నీళ్ళలోకి దిగాక అదే కాస్త సాగుతుంది." ఫిడెల్మా పిల్ల వెన్ను దగ్గర పట్టుకోబోతే వేళ్ళు జారిపోయాయి. తృప్తిగా తలూపింది. "ఇంకా వెచ్చగా ఉండాలంటే ఇంకో ఉపాయముంది. అందరం చేసేదే, బయటికొచ్చి బాత్రూము వెతుక్కునే పని కూడా తప్పుతుంది. మీ అమ్మ ముందు చెప్పను."

ముయిరిన్ నవ్వాపుకోలేకపోయింది. అట్రాక్టాకు అర్థమయ్యేసరికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక, మేరీ మాతా అని నోటి మీద చెయ్యేసుకుంది. బుధవారం నుంచీ పిల్ల నవ్వడం అదే మొదలు.

శనివారం ఎండ లేదు. ఉత్తరపు గాలి గోడ మీద కూర్చున్నవాళ్ళ చెవులు కోసేస్తోంది. అలలు మనిషి తల ఎత్తున లేస్తున్నాయి. అమ్మాయిలు రంగు చొక్కాలు వేసుకుని నీళ్ళలోకి దిగారు. ముయిరిన్‌ది పసుపు. అట్రాక్టా ఫ్లాస్కు కూడా తెచ్చుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పసుపు చొక్కా వైపే చూస్తూ కూర్చుంది. మొదటి అలకు ముయిరిన్ పడిపోయింది. రెండోదానికి నిలబడింది. మూడో అల విరిగి తల మీదుగా పోయినప్పుడు అట్రాక్టా ఊపిరి బిగబట్టింది. మెడలోంచి బక్కెట్టు నీళ్ళు పోసినట్టుంటుందన్న మాట చెవిలోంచి పోవడం లేదు. పసుపు చొక్కా మళ్ళీ తేలింది. బోర్డు మీద పడుకుని, మళ్ళీ అలల అవతలికి చేతులతో తోసుకుంటూ వెళ్ళింది.

"ఇవాళ ఎంతసేపుంటుందంటావు మీ పిల్ల?" అంది పక్కనుంచి కన్సెప్టా. మాటలో విషమేమీ లేదు. ఉబుసుపోక అడిగిందంతే. వాలు పైన నిలబడ్డ లోర్కన్ కూడా వినపడేంత దగ్గర్లోనే ఉన్నాడు.

అట్రాక్టా లేచి నిలబడింది. కూర్చుని చెప్పగలిగే మాట కాదనిపించింది.

"మొన్న దాని గుండెలో లోపముందన్నాను, మీరందరూ విన్నారు" అంది, ఆ రోజంత గట్టిగానే. "లోపం దానిది కాదు. నేను రెండు చలికాలాలు రావాలని వదులు సూట్ కొన్నాను. నాకు సరిపోయేదాన్ని దానికి తొడిగాను. లోపల నీళ్ళు నిండి కూడా అది అంతసేపు ఉందంటే ఎలా ఉందో నాకు తెలీదు. కొలత తప్పింది నేను."

ఊళ్ళో గుడ్డలన్నీ కుట్టిన మనిషి నోటి నుంచి ఆ మాట వినడం కన్సెప్టాకు కూడా ఇబ్బందిగానే ఉన్నట్టుంది. తల తిప్పి సముద్రం వైపు చూసింది. లోర్కన్ ఒకసారి అట్రాక్టా వైపు చూసి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ నీళ్ళలోకి చూశాడు.

ముందుగా డెర్వ్లా వచ్చేసింది, తర్వాత మరో అమ్మాయి. ముగింపు బూర ఊదేసరికి నీళ్ళలో ఇద్దరే మిగిలారు. అందులో పసుపు చొక్కా ఉంది. బూర విని కూడా ముయిరిన్ వెంటనే రాలేదు. ఆఖరి అల ఒకటి పట్టుకుని, ఒడ్డున గులకరాళ్ళు తగిలేదాకా దాని మీదే నిలబడి వచ్చింది.

లోర్కన్ ఎదురెళ్ళాడు. పళ్ళతో తొడుగు లాగి, ముయిరిన్ చెయ్యి చాచింది. బొటనవేలూ చిటికెన వేలూ కలిశాయి. విడదీసి మళ్ళీ కలిపింది. లోర్కన్ నవ్వు దాచుకోవడానికి గడ్డం గోక్కున్నాడు.

"జట్టు సాధన మంగళవారం నుంచి" అన్నాడు. "ఆలస్యంగా రాకు. ఆ సూట్‌తోనే రా."

ముయిరిన్ బోర్డు గోడకు ఆనించి తల్లి దగ్గరికొచ్చింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, పెదాలు మాత్రం ఎర్రగానే ఉన్నాయి. అట్రాక్టా ఏదో అనాలనుకుంది. శుక్రవారం నుంచీ మనసులో కుట్టి విప్పి కుట్టుకున్న మాటలన్నీ ఉన్నాయి. నోరు తెరిస్తే దవడ వణికింది. గాలికి ఎంతసేపు అలా నిలబడిపోయిందో ఆమెకే తెలీదు.

"చెయ్యి చూపించు" అంది ముయిరిన్, అచ్చం లోర్కన్‌లా.

అట్రాక్టా చెయ్యి ఎత్తింది. సూది పోట్లతో గట్టిపడ్డ బొటనవేలు వణుక్కుంటూ వచ్చి అరచేతి మధ్యలో ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా చిటికెన వేలిని అందుకోలేదు. ముయిరిన్ ఆ చేతిని రెండు చేతుల మధ్యకు తీసుకుంది. పిల్ల చేతులు తడిగా ఉన్నాయి, వెచ్చగా ఉన్నాయి. కాసేపటికి ఆ చేతుల్లోనే అట్రాక్టా వేళ్ళు రెండూ నెమ్మదిగా ఒకదాన్నొకటి అందుకున్నాయి.

"నీకూ ఏం భయం లేదులే, అమ్మా" అంది ముయిరిన్. "చలేసింది, అంతే. పద ఇంటికి."